మందతో నేర్చిన కన్నడం

నాకు కన్నడం తెలుగంత బాగా వచ్చు. షాద్‌నగర్ ఈవల మా ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎందుకంటే ముప్పయ్యేళ్లుగా అందరికీ నేనే చెబుతున్నాను. ప్రతి ఎండాకాలం గొర్రెలను తోలుకొని రాయచూరు దాకా పోయొచ్చిన మనిషిని, కాదనేదెవరు?

పోయిన ఏడాది ఒక పొద్దున పక్కింటి బీరన్న ఒక అమ్మాయిని వెంటబెట్టుకొని వచ్చాడు. పేరు మల్లిక, హుజూర్‌నగర్ పిల్ల, హైదరాబాదులో పెద్ద చదువు. వయసొచ్చాక, బడితో పనిలేకుండా, మనుషులు రెండో భాషను ఎట్లా నేర్చుకుంటారన్నది ఆమె పరిశోధన.

"గట్ల నేర్సుకున్నోళ్లు పన్నెండు మంది కావాలె తాతా, పదకొండు మంది దొరికిండ్రు. రేపు మా సారుకు రికార్డులన్నీ ఇయ్యాలె. ఒక్కలు తక్కువైనా ఇంకో ఏడాది ఆగుమంటడు," అంది.

"గా పన్నెండోది నేనే బిడ్డా. ఫికర్ జెయ్యకు," అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా! "గా పదకొండు మందిని గూడ తీసెయ్యి. వాళ్ల వంతు గూడ నేనే మాట్లాడుత," అన్నాను.

ఆమె మంచం మీద ఫోను పెట్టి రికార్డు నొక్కి, నాలుగు బొమ్మలు పరిచింది. ఒకామె కుండ ఎత్తుకొని బయలుదేరింది. కుక్క ఎదురైంది. కుండ పగిలింది. ఆమె ఏడుస్తోంది. దీన్ని కన్నడంలో కథగా చెప్పాలట.

గొంతు సవరించుకున్నాను. మొదటి బొమ్మకు "బా, బా!" అన్నాను, అంటే రమ్మని. రెండోదానికి "నిల్లు!" అన్నాను, ఆగమని. మూడోదానికి "నీరు కుడి!" అన్నాను, నీళ్లు తాగమని. నాలుగోదానికి "హోగు!" అని, పొమ్మని, వాడ దద్దరిల్లేలా అదిలించాను.

మొదటి బొమ్మకే బీరన్న గొర్రెలు నూటపాతిక దడి దూకి వచ్చి, రెండోదానికి మా వాకిట్లో బడిపిల్లల్లా వరుసగా నిలబడి, నాలుగో బొమ్మకు వెనుదిరిగి పోయాయి.

"తాతా, కుండ పగిలినంక ఆమెను నీళ్లు తాగుమంటవా?" అంది మల్లిక.

"దూప గాదా పాపం?"

ఆమె నవ్వలేదు. కాగితం తిప్పి, "గాడ కన్నడం ఎక్కువ ఎవలితోని మాట్లాడేది తాతా?" అని అడిగింది.

పొయ్యి కాడ జొన్నరొట్టెలు చేస్తున్న నా పెళ్లాం సత్తమ్మ పకపకా నవ్వింది. "గొర్లతోని బిడ్డా! గాడ కొన్న గొర్లు మన కూతకు కదలకపోయేటియి. గందుకని నాలుగు ముక్కలు పట్టిండు. మనుషులొస్తే మాత్రం పొట్టేలు ఎనక దాక్కునేటోడు."

"ఏమే, పిల్ల ముందట నా ఇజ్జత్ తీస్తవా?"

"మరి నువ్వు గా పిల్ల సదువు ఆగం జేస్తవా?"

మల్లిక అప్పటికే బొమ్మలు సంచిలో సర్దుతోంది. "ఏం గాదులే తాతా," అంది గానీ, ఆ ముఖం చూస్తే ఏడాది ఆగే ముఖమే.

ఇక దాచి లాభం లేకపోయింది. ఎరువు కోసం గొర్రెల మందను ఎవరి చేలో ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి, దానికి ఎన్ని వడ్లు ఇవ్వాలి అని, ప్రతి ఏడూ నా వెంట వచ్చి, రాయచూరు దిక్కు రైతులతో కన్నడంలో బేరమాడింది ఎప్పుడూ సత్తమ్మే. నేను వెనక నిలబడి, అంతా అర్థమైనట్టు తలూపేవాణ్ని.

"నాది కొట్టెయ్యి బిడ్డా," అన్నాను. "నీ పన్నెండో మనిషి పొయ్యి కాడుంది."

సత్తమ్మ చేతులు కడుక్కొని ఫోను ముందు కూర్చుంది. కన్నడంలో కుండ ధర చెప్పింది, కుక్కను తిట్టింది, బొమ్మలో లేని కుక్క యజమానిని పిలిచి అతన్నీ తిట్టింది. కథ నలభై నిమిషాలు నడిచింది. మల్లిక కాగితం మీద పన్నెండు అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టి, అప్పుడు నవ్వింది. రెండు రొట్టెలు తిని బస్సెక్కింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. బీరన్న గొర్రెలు దడి దూకలేదు. నా కన్నడం విని కనీసం ఒక్కటి తలెత్తి చూసిందని రాయబోయాను గానీ, సత్తమ్మ పక్కనే కూర్చుంది.