పంపక్క పలకని నలభై సెకన్లు

ఆమె మొగుడికి కోపం రాదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఒక్క పోట్లాటనూ కొసదాకా నడవనివ్వలేదు. ఈమె నడుం బిగించి గొంతు సవరించుకునేలోపే “సరేలే, నువ్వన్నదే” అని చల్లగా జారుకుంటాడు. దారిలో కుర్చీ తగిలితే కుర్చీకే క్షమాపణ చెప్పే రకం. అలాంటి మనిషితో వేగడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఈ ఉదయం ఆయన మరీ హద్దు మీరాడు. ఆమె మధ్యాహ్న భోజనం డబ్బాకు మూత నొక్కుతూ కాలితో రెండో చెప్పు వెతుక్కుంటుంటే, ఎదురుగా నిలబడి చెంచా చెవికి ఆనించుకున్నాడు.

“హలో, మా ఇంట్లో నీళ్ళు రావట్లేదండీ... ఊఁ, ఇప్పుడు చెప్పు. మీ ఆఫీసువాళ్ళిచ్చిన కాగితంలో ఉన్నట్టు.”

“ఆ చెంచా సింకులో పడెయ్యి.”

“‘మీ బాధ నాకు అర్థమవుతోందండీ’ అనాలి. పరీక్ష ఇవాళేగా! అరవై రాకపోతే గోడౌనుకి తోసేస్తారు. ఇంకా పదహారు నెలల సర్వీసుంది. ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోతుంది?”

“అర్థం కాకుండానే అర్థమైందనడం నీకు అలవాటు. నాకు లేదు,” అంటూ ఆమె మెట్లు దిగింది.

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గది రెండో అంతస్తులో ఉంది. ఒకప్పుడు అక్కడ పన్నెండు కుర్చీలుండేవి, ఇప్పుడు మూడు. మిగతా తొమ్మిది మంది పనీ ఒక యంత్రం చేస్తోంది. అది అలిసిపోదు, విసుక్కోదు. ఎండిపోయిన పంపు ముందు నిలబడ్డ మనిషికి “మీ ప్రాంతంలో సరఫరా సక్రమంగా ఉంది” అని తియ్యగా చెబుతుంది. దాన్ని దాటి, తొమ్మిది నొక్కి, ఓపిక చచ్చినవాళ్ళు ఈ ముగ్గురికీ దక్కుతారు. యంత్రాలు పెరిగాయి గనక మిగిలిన మనుషులు మరింత మెత్తబడాలని పైవాళ్ళు తేల్చారు. అందుకే వారం రోజులుగా మాటతీరు మీద శిక్షణ, ఇవాళ పరీక్ష.

ఆఫీసంతా ఆమెను పంపక్క అంటుంది. ఫోనెత్తగానే నమస్కారాలుండవు. “పంపు తిప్పి ఫోను దగ్గర పెట్టండి” అంటుంది. ఆ తర్వాత నోరూ కళ్ళూ మూసుకుని వింటుంది. ధార సన్నగా కారితే ఎక్కడో వాల్వు సగం కట్టేసి ఉంది. అలికిడే లేకపోతే నీళ్ళింకా వదల్లేదు. పంపు గాలి పీల్చి, దగ్గి, మళ్ళీ పీలిస్తే గొట్టం పగిలింది. ఇరవై తొమ్మిదేళ్ళు అలా విని విని ఎడమ చెవి మీద జుట్టు రిసీవరు రాపిడికి పలచబడింది. ఎడమ భుజం అంగుళం పైకి లేచి అక్కడే ఉండిపోయింది.

శిక్షకుడు ముప్ఫై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా. చెడ్డవాడు కాదు. మార్కులు చూపించే తెర పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

“మూడే నియమాలమ్మా. పది సెకన్లలోపు సానుభూతి వాక్యం. వాళ్ళ పేరు మూడుసార్లు. ఐదు సెకన్లకు మించి మౌనంగా ఉండకూడదు, మార్కులు పోతాయి.”

“వాగుతూ వింటే వినపడుతుందా బాబూ?”

“వినడం యంత్రం చూసుకుంటుందమ్మా. మీరు మాట్లాడండి చాలు.”

పదకొండింటికి ఫోను మోగింది. ప్రసూతి ఆసుపత్రి నర్సు.

“ట్యాంకు అడుగంటింది మేడం! లోపల రెండు కాన్పులున్నాయి. మీ మెషినేమో అంతా బాగుందంటోంది!”

శిక్షకుడు కాగితంలో మొదటి వాక్యం మీద వేలు పెట్టాడు.

“రోడ్డు గొట్టం నీళ్ళొచ్చే పంపు తిప్పి ఫోను దగ్గర పెట్టు తల్లీ,” అంది పంపక్క.

ఐదు సెకన్లు. పది. తెర మీద డెబ్బై కాస్తా అరవై ఐదైంది, యాభై రెండైంది.

“అమ్మా, ఏదో ఒకటి అనండి,” శిక్షకుడు గుసగుసలాడాడు.

ఆమె కళ్ళు తెరవకుండానే అరచెయ్యి ఎత్తింది. ముప్ఫై. నలభై. పంపు దగ్గింది, ఒక్క గుక్క కక్కింది, బుస్సున లోపలికి పీల్చింది.

“గొట్టం పగిలింది. మీకు ఎగువనే, దగ్గర్లో. పంపు కట్టెయ్యి, బురద లాగుతుంది. ట్యాంకరు పంపిస్తున్నా, గేటు తీసిపెట్టు. ఏడవకు, ఉన్న నీళ్ళు కాన్పుల గదికే వాడు.”

ట్యాంకరు పురమాయించి, వెంటనే లైను మేస్త్రీకి ఫోను చేసింది. “ఆసుపత్రికి ఎగువ, మలుపు దగ్గర తవ్వించు.”

“మెషిను తెరలో అక్కడేం చూపించట్లేదే అక్కా?”

“తెరకి చెవులున్నాయట్రా? తవ్వు!”

మార్కులు ముప్ఫై ఒకటి. శిక్షకుడు నొచ్చుకుంటూనే కాగితం, పెన్ను ముందుకు జరిపాడు. ‘నా మాటతీరులో లోపం ఉందని అంగీకరిస్తున్నాను’ అని అచ్చయి ఉంది.

“సంతకం పెట్టేయండమ్మా. గోడౌనులో పని తేలికే. మీటర్ల డబ్బాలకి చీటీలంటించడం.”

“నా నోరు మంచిది కాదని మా వీధంతా చెబుతుంది, దానికి సంతకమెందుకు? ఆ పిల్ల ఫోనుకి నేను సరిగ్గా జవాబివ్వలేదంటే మాత్రం ఒప్పుకోను. సంతకం పెట్టను. గోడౌనుకీ పోను. రేపు తొమ్మిదింటికి ఈ కుర్చీలోనే ఉంటా. లేపేవాళ్ళెవరో వచ్చి లేపమనండి.”

తర్వాత మరో ఇరవై మూడు ఫోన్లు ఎత్తింది. ఒక్కరి బాధా అర్థమైందనలేదు. ఐదింటికి సంచీ భుజాన వేసుకుని, ఫ్యాను కట్టేసి వెళ్ళిపోయింది.

నివేదికకు జతచేయాలని శిక్షకుడు ఆ రికార్డింగు మళ్ళీ పెట్టుకున్నాడు. మొదటిసారి మౌనమే వినిపించింది. రెండోసారి, దాని అడుగున, పంపు ఊపిరాడక పీల్చడం వినిపించింది. మూడోసారి వింటుండగా మోకాళ్ళదాకా బురదతో మేస్త్రీ వచ్చాడు.

“మలుపుకి నాలుగడుగులు ఇవతలే సార్, గొట్టం నిలువునా చీలింది. మూడింటికల్లా ఆసుపత్రికి నీళ్ళెక్కాయి. అక్క వెళ్ళిపోయిందా? ఆవిడకే చెబుదామని వచ్చా.”

అంతలో మేనేజరు ఫోను చేశాడు. “ఏమయ్యా, ఆవిడ పరీక్ష తప్పినట్టేగా? గోడౌను ఆర్డరు టైపు చేయించనా?”

ఖాళీ కుర్చీ ముందు, బల్ల మీద, ఆ కాగితం అలాగే ఉంది. పెన్ను మూత కూడా తీసి లేదు. శిక్షకుడు దాన్ని తీసి రెండుగా మడిచాడు.

“హలో? వింటున్నావా?”

“వద్దు సార్, ఆవిణ్ణి కదపకండి. మాట్లాడలేదని మార్కులు కోశాను. ఆవిడ అప్పుడు పనిలో ఉన్నారు. తప్పు నాదే.”