కర్ర బరువు

ఆ పూట విమానం సరిగ్గా దింపకపోతే నా పని అయిపోయినట్టే. ముందురోజు పరీక్షలో ఒకసారి తప్పాను. రెండోసారి తప్పితే మాటల్లేవు, యూనిఫాం స్టోర్‌లో అప్పజెప్పి ఇంటికి బస్సెక్కడమే. మా వైమానిక దళం శిక్షణ కేంద్రంలో మూడోసారి అనే మాట ఎవరూ వినలేదు.

ఇంటికి పోతే ఏముందో అక్క ఫోన్లో ముందే చెప్పేసింది. "నీ మంచం తీసేసి అక్కడ నా కుట్టుమిషన్ వేసుకున్నానే. తిరిగొచ్చావనుకో, మిషన్ కింద పడుకోవాలి మరి." నవ్వుతూనే అంది. కానీ నేను నర్సింగు చదువు సగంలో వదిలేసి విమానాలంటూ బయల్దేరినప్పుడు, సిటీ బస్సు నడిపే మా నాన్న నాతో మాట్లాడటం మానేస్తే, ఆయన్ని కాళ్లావేళ్లా పడి ఒప్పించింది అక్కే. ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్తాను?

కేంద్రంలో నన్ను పటాసు అంటారు. ఊరికే రాలేదు ఆ పేరు. ముందురోజు పరీక్షలో తప్పి దిగానో లేదో, తిన్నగా విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లోకి వెళ్లి మెకానిక్ అన్న మీద విరుచుకుపడ్డాను.

"ఆ విమానం కర్ర పట్టేసింది అన్నా! దిగేటప్పుడు లాగితే రాదే! అసలు చూస్తారా, చూడకుండానే సంతకాలు పెట్టేస్తారా?"

కర్ర అంటే మోకాళ్ల మధ్య నిలువుగా ఉండే పిడి. ముందుకి తోస్తే విమానం ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. మా శిక్షణ విమానంలో ముందు సీటు మాది, వెనక సీటు నేర్పేవాళ్లది. చెరో కర్ర ఉంటుంది, కింద రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి. ఒకటి కదిలితే రెండోదీ కదలాల్సిందే.

మెకానిక్ అన్న చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి, కర్ర నుంచి తోకదాకా పోయే తీగలన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. "వెన్నలా కదులుతోంది తల్లీ. పట్టేసింది కర్ర కాదు, నీ గుండె" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. ఇంకో రెండు మాటలు అందామని నోరు తెరిచేసరికి వెనక నుంచి సున్నా సార్ గొంతు వినపడింది. పరీక్షలు పెట్టేది ఆయనే. మార్కులు వెయ్యడంలో ఆయన పెన్నుకి వేరే అంకె తెలీదని ఆ పేరు.

"అలాగా? అయితే రేపు నీ విమానంలోనే ఎగురుదాం. రోజూ తాతయ్యతో ఎగిరేదే. అప్పుడు కూడా తప్పు కర్రదే అంటావేమో చూస్తాను."

తాతయ్యంటే నా గురువు. అందరికీ తాతయ్యే. వైమానిక దళం పుట్టినప్పుడు అందులో చేరిన కుర్రాళ్లలో ఆయనొకడు. మా క్లాసురూములో బోర్డు పక్కన ఒక ఫొటో ఉంది. దేశం అప్పుడే కొత్తగా ఏర్పడింది, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇంకో దేశం వాడి పడేసిన ఆరు విమానాలు కొనుక్కొచ్చి, రంగులేసి, వరసగా నిలబెట్టి, ఇదిగో మా వైమానిక దళం అని ఫొటో తీయించుకున్నారు. ఆ ఆరింట్లో ఒకదాన్ని తాతయ్య దింపుతూ దింపుతూ చక్రం విరగ్గొట్టాడు. "దేశం దళంలో ఆరో వంతు నేనొక్కణ్నే ఫట్‌మనిపించాను మనవరాలా" అని ఇప్పుడు పకపకా నవ్వుతాడు గానీ, దానికి విడిభాగం దొరికి బాగయ్యేదాకా ఏడాదిపాటు ఆ హ్యాంగర్ ముందు తలెత్తుకుని నడవలేదట. పంపించెయ్యాలన్నా కుదరలేదు, విమానాల కంటే నడిపేవాళ్లే తక్కువ. ఆ తర్వాత ఎన్ని వందలమందికి నేర్పాడో, ఆయన కూర్చున్న విమానానికి గీత పడలేదు. రిటైరయ్యాక కూడా పిలిపించుకుని వెనక సీటు ఇచ్చారు.

ఆయనతో నా ల్యాండింగులు చూసినవాళ్లు కళ్లప్పగించేవాళ్లు. చక్రాలు నేలని తాకాయో లేదో తెలిసేది కాదు. "పువ్వు పెట్టినట్టు దింపావే!" అనేవాడు తాతయ్య, నేను చంకలు గుద్దుకునేదాన్ని. అలాంటిదాన్ని సున్నా సార్ ముందు ఎందుకు తప్పాను? కర్ర వల్లే. ఇంకేం కాదు. రాత్రంతా అదే అనుకున్నాను.

మర్నాడు నా విమానం ఎక్కి, నా సీట్లో, నా బెల్టు బిగించుకున్నాక కాస్త ఊపిరాడింది. పైకి లేచి, మైదానం చుట్టూ తిరిగి, రన్‌వేకి ఎదురుగా వచ్చాం.

"కంట్రోల్ నీది" అన్నాడు సున్నా సార్ చెవిలో.

"కంట్రోల్ నాది" అన్నాను. ఆ రెండు మాటలూ గట్టిగా అనితీరాలి, లేకపోతే విమానం ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలీదు.

ఎత్తు తగ్గుతోంది. కంచె దాటాం. నేల పైకి లేచి వస్తోంది. ఇదిగో ఇప్పుడు, మెల్లిగా కర్ర లాగి ముక్కు ఎత్తాలి. లాగాను.

రాలేదు. అదే బరువు. నిన్నటి బరువే.

ధడేల్మని చక్రాలు నేలకి కొట్టుకుని విమానం ఎగిరిపడింది. ముక్కు ఆకాశంలోకి, నా పేగులు నోట్లోకి. ఇంజన్ పూర్తిగా పెంచి ఎలాగో మళ్లీ పైకి లేపాను. నాలుక కొరుక్కున్నట్టున్నాను, నోరంతా ఉప్పగా అయింది.

మళ్లీ చుట్టు తిరుగుతున్నాం. నిన్న వేరే విమానం. ఇవాళ నా విమానం. విమానం మారినా బరువు మారలేదు. తాతయ్యతో ఉన్నప్పుడు ఇదే కర్ర, ఇదే క్షణంలో, దానంతటదే వచ్చేది కదా?

దానంతటదే ఎలా వస్తుందే పిచ్చిమొహమా!

వెనక ఇంకో కర్ర ఉంది. దాని మీద ఇంకో చెయ్యి ఉంది. నేను లాగుతున్నాననుకున్న ప్రతిసారీ అది నాకంటే ముందు, నాకు తెలీకుండా, మెత్తగా లాగింది. నన్ను చూసి అందరూ కళ్లప్పగించిన ఆ ల్యాండింగుల్లో ఒక్కటీ నాది కాదు. ఇన్నాళ్లూ నేను ముందు సీట్లో కూర్చున్న సామాను మాత్రమే.

భయమేసింది. విమానమేమో గాల్లో ఉంది, దింపాల్సింది నేను, నాకేమో దింపడం రాదు.

"ఇంకొక్కటి" అన్నాడు సున్నా సార్. "అదీ పోతే నేను దింపేస్తాను. అంతటితో సరి."

నోరు మూసుకుని అదృష్టం మీద భారం వెయ్యొచ్చు. పడితే పడింది, లేకపోతే లేదు. మరి ఆ తర్వాత? వెనక ఎవరూ లేని రోజున? నోరు మూసుకోవడం నాకు ఏనాడు చేతనయింది గనక.

"సార్, నాకు దింపడం రాదు."

"ఏమన్నావ్?"

"నేనెప్పుడూ దింపలేదు సార్. ఇప్పుడే తెలిసింది."

ఎవరు దింపారని అడిగితే చచ్చినా చెప్పకూడదనుకున్నాను. ఆయన అడగలేదు. హెల్మెట్ లోపల కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"అద్దంలో చూడు" అన్నాడు.

తలపైన చిన్న అద్దం ఉంటుంది, వెనక సీటు కనపడేలా. చూశాను. సున్నా సార్ రెండు చేతులూ తన హెల్మెట్ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నాకూ ఆయనే నేర్పాడు" అన్నాడు. "నాకూ ఇలాగే, గాల్లోనే తెలిసింది. నీలాగా చెప్పే దమ్ము లేక నోరు మూసుకున్నాను. బతికి బయటపడ్డానంటే నా తలరాత బాగుంది. ఇప్పుడు విను. కర్ర బరువు ఎప్పుడూ ఇంతే. నిన్నటిదాకా నువ్వు సగమే మోశావు. ఇవాళ మొత్తం మోయి. నేను మాట మాత్రమే ఇస్తాను, చెయ్యి ఇవ్వను."

మళ్లీ కంచె దాటాం. నేల వచ్చేస్తోంది.

"ఆగు. తొందరపడకు. ఆగు... ఇప్పుడు. లాగు. భయపడకు, విరగదు. ఇంకా. ఇంకా లాగవే తల్లీ!"

బావిలోంచి నిండు బిందె లాగినట్టు లాగాను. ముక్కు లేచింది. చక్రాలు తగిలాయి, విమానం ఒక గెంతు గెంతింది, మళ్లీ తగిలింది, అటూ ఇటూ ఊగి నేలకి అతుక్కుంది. ఘోరంగా దిగింది. అరిచేశాను ఆనందంతో.

"నా నడుం విరగ్గొట్టావు" అన్నాడు సార్. "మళ్లీ పైకి."

అలా మళ్లీ మళ్లీ దింపించాడు. ఆయన చేతులు హెల్మెట్ మీంచి దిగలేదు. చివరికి రన్‌వే పక్కన ఆపమని, ఇంజన్ తిరుగుతుండగానే బెల్టు విప్పుకుని కిందికి దిగిపోయాడు.

"పో. ఒక్కదానివే వెళ్లిరా."

వెళ్లాను. అద్దంలో ఖాళీ సీటు కనపడుతుంటే ఒక్క చుట్టు తిరిగి, రెండు గెంతులతో దిగాను. నాకిక బస్సెక్కే పని లేదు. అక్క మిషన్ అక్కడే ఉంచుకోవచ్చు.

హ్యాంగర్ ముందు ఆపేసరికి అందరూ అక్కడే ఉన్నారు. నా తర్వాత తాతయ్యతో ఎగరాల్సిన మా బ్యాచ్ బండోడు కూడా హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు. నా కోపమంతా తాతయ్య కోసం దాచుకుని దిగాను. ఎందుకు చేశారు, నన్ను చంపేద్దామనుకున్నారా అని అడిగి కడిగెయ్యాలని.

మెకానిక్ అన్న పడీపడీ నవ్వుతున్నాడు. "నువ్వు దిగుతుంటే తాతయ్యని చూడాల్సింది తల్లీ! ఇక్కడ నేల మీద నిలబడి కుడిచెయ్యి ఇలా, ఇలా వెనక్కి లాగేస్తున్నాడు!"

"నేనా?" అన్నాడు తాతయ్య. "నేనెప్పుడు లాగానోయ్, ఊరికే నిలబడ్డాను గదా!"

నిజంగానే అడుగుతున్నాడు. ఆయన మొహంలో దాచిందేమీ లేదు. ఆయనకి తెలీదు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

సున్నా సార్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇన్నేళ్లూ చెప్పలేకపోయిన మనిషి ఇప్పుడు మాత్రం ఏం చెప్తాడు. ఎదురుగా బండోడు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు.

"తాతయ్యా, మీరు విమానంలో కూడా లాగుతారు" అన్నాను.

నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "మరి నీ ల్యాండింగులు?"

"అవన్నీ మీవే."

సున్నా సార్ వైపు తిరిగాడు. "నీవి కూడానా రా?"

"నావి కూడా సార్."

తాతయ్య తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. గుప్పిట మూశాడు, తెరిచాడు.

"అయితే ఇంతకాలం నేనొక్కణ్నే దిగుతున్నానన్నమాట" అన్నాడు. తన హెల్మెట్ తీసి సున్నా సార్ చేతిలో పెట్టాడు. "వాడితో నువ్వెక్కు. నేనిక్కడే ఉంటాను."

వాళ్లు ఎగిరారు. తాతయ్య పక్కన నిలబడ్డాను. బండోడి విమానం కంచె దాటి, ముక్కు దించి, అటూ ఇటూ తూలుతూ నేలకి వస్తోంది. ఆయన ఊపిరి బిగపట్టాడు. నేను ఆయన కుడిచేతిని నా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆయన రన్‌వే మీంచి కళ్లు తిప్పలేదు, చెయ్యి మాత్రం నా చేతుల్లోంచి వెనక్కి, వెనక్కి లాగుతూనే ఉంది. ఎంత బలమో ఆ చేతికి. నేను వదల్లేదు.