మూత తియ్యని ముప్పయ్యారు

ఆ ఆదివారం ఇస్మార్ కొట్టుకి వెళ్ళకుండా తప్పించుకోవడానికి పొద్దున్నించీ వంకలు వెతుకుతున్నాను. మోకాలు నొప్పి అన్నాను. కోడలు మీరిమ్ తైలం సీసా తెచ్చి చేతిలో పెట్టింది. వాన వచ్చేలా ఉందన్నాను. కిటికీ తెర లాగి చూపించింది. కరాకోల్ కొండల మీద మేఘం తునక లేదు.

"వెళ్ళాల్సిందే మామయ్యా. అక్లాయ్ ఫోటోలు మీ ఫోటోల సంఘం వాళ్ళకి చూపించి, అటునుంచటే నాకు తెచ్చెయ్యండి. నారిన్ నుంచి మా అమ్మావాళ్ళు రోజూ ఫోన్ చేసి చంపుతున్నారు."

"ఇంకా ఆరలేదమ్మా."

"నాలుగు రోజుల్నించీ ఆరుతూనే ఉన్నాయా? గుర్రం తోలైనా ఈపాటికి ఆరిపోయేది!"

టోపీ పెట్టుకున్నాను. నలభై ఏళ్ళు పశువుల డాక్టరుగా పనిచేసినవాణ్ణి. తన్నే గుర్రానికి కూడా ఎప్పుడూ దారివ్వలేదు. అలాంటివాణ్ణి ఆ పిల్ల ముందు తేలు కుట్టిన దొంగలా గుమ్మం దాటాను.

అంతకు ముందు ఆదివారం మా మనవరాలు అక్లాయ్ కాళ్ళ దారం కోశాం. బిడ్డకి నడక రాగానే కాళ్ళకి నలుపు, తెలుపు నూలు పేనిన దారం కట్టి, వీధిలో పిల్లలకి పరుగుపందెం పెడతాం. గెలిచినవాళ్ళు వచ్చి కత్తితో దారం కోస్తారు. ఆ బిడ్డ ఇక బతుకంతా తొట్రుపడకుండా నడవాలని. జన్మకి ఒక్కసారే చేసే వేడుక అది. తెగిన దారాన్ని ఫోటో కోసం మళ్ళీ కట్టి కోయరు.

ఆ రోజు నేనేం చేశాను? పెరటి మధ్య నిలబడి గొంతు చించుకున్నాను. "ఎవ్వరి చేతిలోనూ ఫోను కనబడకూడదు! ఫోటో అంటే నేను తియ్యాలి! ఫిల్ము మీద తీస్తాను, మీ ముని మనవలు కూడా చూసుకుంటారు!" నా నోటికి జడిసి అరవై మందీ ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు. నా కన్నకొడుకు కూడా.

ముప్పయ్యారు ఫోటోలు తీశాను. బుధవారం స్నానాల గదిలో ఫిల్ము కడిగి వెలుతురుకి ఎత్తి చూస్తే నీళ్ళలా తేటగా ఉంది. అంచున అంకెలు మాత్రం ఒకటి నుంచి ముప్పయ్యారు దాకా చక్కగా కనిపిస్తున్నాయి. అంటే కడిగిన మందులో లోపం లేదు, ఫిల్ము మీద వెలుతురే పడలేదు. వెంటనే వెళ్ళి కెమెరా చూశాను. లెన్సు మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

నాది సోవియట్ కాలంనాటి కెమెరా. కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. లెన్సుకి మూత ఉన్నా కిటికీలో లోకమంతా కళకళలాడుతూనే ఉంటుంది. సెల్‌ఫోన్ల వాళ్ళకి ఇలాంటి తప్పు చేద్దామన్నా చేతకాదు. మా ఫోటోల సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం చెప్పేది నేనే. "ముందు మూత తియ్యి, తర్వాత మాట్లాడు" అంటాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఇస్మార్ కొట్లో ఎప్పటిలా వెనక బల్ల దగ్గర కూర్చున్నాం. సంఘంలో మిగతావాళ్ళు బంగాళదుంపలు తవ్వడానికి పోవడంతో ఆ రోజు ముగ్గురమే. చల్లటి నూడుల్స్ అమ్మే ఇస్మార్, మందుల షాపు నడిపి మానేసిన జోయా అర్కాద్యెవ్నా, నేను. ఇస్మార్ నాకంటే రెండేళ్ళు చిన్న. అందుకని నన్ను "బైకే" అంటాడు, అన్న అని. వాడి గౌరవమంతా ఆ పిలుపుతోనే సరి.

కొత్త కోడలి మొహం చూసినా, పసిబిడ్డని మొదటిసారి చూసినా ఒట్టి చేతులతో చూడం. చూపుకానుక ఇచ్చుకోవాలి. మా సంఘంలో కొత్త ఫోటోకీ అదే మర్యాద. ఫోటో బల్ల మీద బోర్లా పెడతాం. చూసేవాళ్ళు నాలుగు ఆపిల్ పళ్ళో, ఒక పాటో, ఒక జోకో ఇచ్చాకే తిరగేస్తాం. ఇంకో నియమం కూడా ఉంది. అందరూ మాట్లాడటం అయ్యేదాకా ఫోటో తీసినవాళ్ళు నోరెత్తకూడదు.

ముందు జోయాది. నేను ఆపిల్ పళ్ళిచ్చాను, ఇస్మార్ గిన్నెడు నూడుల్స్ ఇచ్చాడు. తిరగేస్తే గడ్డివాము నీడలో పడుకున్న కుక్క.

"వెలుతురు బ్రహ్మాండంగా పట్టారు. కానీ తోకేది?" అన్నాడు ఇస్మార్.

"అంచున కోసిపారేశారు. కుక్క తోక కోయడం మహాపాపం, డాక్టర్ని చెబుతున్నాను," అన్నాను.

జోయా పెదాలు బిగించుకుని, మా వంతు అవగానే బల్ల గుద్దింది. "ఊపడం ఆపితే కదయ్యా, తోక ఫోటోలో పడేది! మీ ఇద్దరి మెచ్చుకోలు కంటే ఆ కుక్కదే నయం!"

నవ్వులయ్యాక నా వంతు వచ్చింది. సంచిలోంచి ఒక ఫోటో తీసి బోర్లా పెట్టాను. జోయా నిమ్మ బిళ్ళలిచ్చి తిరగేసింది. గుర్రం.

"తొక్తొసున్, ఈ గుర్రాన్ని మూడేళ్ళ కిందటే చూశాం. దీనికి కానుకగా నేను పాట కూడా పాడాను. నా బిళ్ళలు నాకిచ్చెయ్యి. పిల్ల ఫోటోలేవీ?"

"ఆరలేదు."

ఇస్మార్ మీసం చాటున నవ్వుతూ తన ఫోటో బోర్లా పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. "నాది చూడాలంటే నేనడిగిందే ఇవ్వాలి బైకే."

"ఏం కావాలిరా, గొర్రెనివ్వాలా?"

"గొర్రె వద్దు. ఆ ముప్పయ్యారూ ఏమయ్యాయో నీ నోటితో చెప్పు."

ఒళ్ళు మండిపోయింది. లేచిపోదామని సగం లేచాను కూడా. కానీ ఎక్కడికి పోను? ఇంటికెళ్తే మీరిమ్ ఉంది. నాలుగు రోజులుగా గుండెల మీద బండరాయి మోస్తున్నాను.

"మూత తియ్యలేదు!" అని అరిచాను. పక్క బల్లల వాళ్ళు చెంచాలు ఆపి మరీ చూశారు. "ముప్పయ్యారుకి ముప్పయ్యారూ మూతతోనే తీశాను! సంతోషమా?"

జోయా కళ్ళజోడు తీసేసి, కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చిత్రం ఏమిటంటే నాకూ నవ్వొచ్చింది. అన్నాళ్ళకి ఊపిరి ఆడింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను ఇస్మార్‌తో.

"తెలుసు."

"తెలిసి చెప్పలేదట్రా, దుర్మార్గుడా!"

"మూడుసార్లు పిలిచాను. మూడోసారి నువ్వేమన్నావు? 'వెలుతురు బాగున్నప్పుడు నోరెత్తినవాడికి మాంసం పెట్టను' అన్నావు. మీ ఇంటి మాంసం వదులుకోవడానికి నేనేమైనా పిచ్చివాణ్ణా?"

వాడు చెయ్యి తీసి ఫోటో తిరగేశాడు. ఆ రోజు కెమెరా తేవద్దంటే కోటులో దాచి తెచ్చాడట. తీసింది ఒక్కటే.

మా పెరడు. తివాచీ మీద మోకాళ్ళ మీద కూర్చుని నేను, కంటి దగ్గర కెమెరా, అరుస్తూ తెరిచిన నోరు, లెన్సు మీద నల్లటి గుండ్రటి మూత. పందెం గెలిచిన పిల్ల కత్తి పైకెత్తి నిలబడి ఉంది. తెగిన దారం ఇంకా గడ్డిలో పూర్తిగా వాలలేదు. అక్లాయ్ ఒక అడుగు ముందుకేసి, వేలు చాచి సూటిగా నా మూతనే చూపిస్తోంది.

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు అది వేలెత్తి "ఊ, ఊ" అంటూ వస్తుంటే తాతని పిలుస్తోందని మురిసిపోయి, "రా తల్లీ, రా" అంటూ మీట నొక్కుతూనే ఉన్నాను.

"అరవై మందిలో నీకు భయపడకుండా నిజం చెప్పింది ఇదొక్కతే," అంది జోయా.

నా కళ్ళు చెమర్చాయి. సిగ్గో సంతోషమో నాకే తెలియలేదు.

ఇంటికొచ్చి ఆ ఫోటోని మీరిమ్ ముందు బోర్లా పెట్టాను. "చూపుకానుక ఇవ్వు. కోప్పడనని మాటివ్వు," అన్నాను.

"నా కానుక ఇస్మార్ బాబాయ్ చేత ముందే పంపించాను కదా," అంది.

"ఏం కానుక?" అన్నాను.

"మూత నేనూ చూశాను మామయ్యా. చెప్పడానికి భయమేసింది. అందరూ వెళ్ళాక ఏడుపొచ్చింది. మర్నాడు బాబాయ్ వచ్చి తన దగ్గర ఒకటుందన్నాడు. అప్పుడిక నవ్వాగలేదు. మీరు ఆరలేదని దాచిపెడుతుంటే, మీ చేత ఏం చెప్పించాలో ఆయనకి చెప్పింది నేనే. అదే నా కానుక."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటే ఏమో అనుకున్నాను. మా ఇంట్లోనే ఉంది.

ఆమె ఫోటో తిరగేసి చాలాసేపు చూసింది. చివరికి గుండెలకి హత్తుకుని, "అబ్బ, ఎంత బాగుంది!" అంది.

"భయమెందుకమ్మా నేనంటే? నేనేమైనా కరుస్తానా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "మళ్ళీ ఎప్పుడైనా అలా అరిస్తే ఏం చేస్తావు?"

మీరిమ్ చంకలోని అక్లాయ్‌ని నేల మీదికి దించింది. "దీన్ని పంపిస్తాను," అంది.

అక్లాయ్ ఎక్కడా తొట్రుపడకుండా నా దాకా నడిచొచ్చి మళ్ళీ వేలెత్తింది. ఈసారి అది ఏం చెబుతోందా అని నోరు మూసుకుని చూశాను.