జ్వరం తగ్గని కుండ

నేను ఒక కుండను. నీళ్ళు పోసుకునే కుండను కాను, అన్నం వండే కుండను అంతకన్నా కాను. పొయ్యి మీద పక్కకి ఒరిగి పడుకుని, నోట్లో మంట పెట్టించుకుని, వీపు మీద పూతరేకులు తీయించుకోవడం నా ఉద్యోగం. తినేవాళ్ళు రేకుని మెచ్చుకుంటారు, నెయ్యిని మెచ్చుకుంటారు. కుండ మాట ఎవరూ ఎత్తరు. మనుషుల తీరే అంత, నేనేమీ అనుకోను.

ఆత్రేయపురం పక్క ఊళ్ళో ఒక కుమ్మరి నన్ను చేశాడు. రేకులు తీసి అమ్ముకునే పల్లాలమ్మ వచ్చి నా వీపంతా అరచేత్తో నిమిరి, ఎక్కడా గరుకు తగలదని తేలాకే బేరం మొదలెట్టింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్ష ఉండదు. ఇంటికి తెచ్చి నూనెగుడ్డతో రుద్ది, సన్నమంట మీద కాచి, నన్ను నల్లగా నిగనిగలాడేలా చేసింది.

బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని నా వీపు మీద పరిచి లాగేసేది. గుడ్డ వెళ్ళిపోయేది, రేకు మిగిలేది. కూతురు నాగవేణి పక్కన కూర్చుని నా నోట్లోకి ఎండు కొబ్బరాకులు తోసేది. అలా పని చేస్తూ పల్లాలమ్మ చెప్పే కబుర్లలో ఒకటి నాకు కంఠతా వచ్చు. వేణి పసిదిగా ఉన్నప్పుడు విషజ్వరం వచ్చి కళ్ళు తేలేసిందట. ఇంట్లో మెత్తటి గుడ్డ దొరక్క రేకులు తీసే గుడ్డనే ఉతికి, చన్నీళ్ళలో ముంచి, జ్వరం దిగేదాకా పిల్ల నుదుటి మీద వేస్తూనే ఉందట.

అలాంటి మనిషి ఒకరోజు జావలో గుడ్డ ముంచి, పైకెత్తి, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయింది. జావ ఆమె పాదాల మీద కారింది. వేణి నవ్వింది. నేనూ నవ్వుకున్నాను. తర్వాత తర్వాత మాకు నవ్వు రాలేదు.

పల్లాలమ్మకి బీపీ ఉంది. తలనొప్పి వచ్చిన రోజునే మాత్ర వేసుకునేది. నొప్పి లేని రోజున మాత్రెందుకు దండగ అనేది. రాజమండ్రిలో తలకి స్కానింగు తీయించుకుని వచ్చాక, వేణి నా దగ్గర కూర్చుని భర్త సింహాద్రికి సంగతి చెప్పింది.

"మెదడుకి రక్తం సరిగ్గా అందట్లేదంటండి. కుండకి మంట అందకపోతే రేకు లేవదు కదా, అలాగన్నమాట."

"మందులు వాడితే మళ్ళీ అందుతాదా?"

"అదొక్కటే అయితే బాగుండును. మెదడులో సన్నటి రక్తనాళాలకి మన రేకులాంటి పల్చటి గోడ ఉంటాదంట. నెత్తుట్లో ఉన్న చెడ్డది లోపలికి పోకుండా కాపలా కాస్తాదంట. అమ్మకి అది పాడైపోయి కారుతోందన్నారు. ఇంకా ముదరకుండా బీపీ చూసుకోమన్నారు. పోయిన మతి మాత్రం తిరిగి రాదంట."

"అతికే మందు లేదా?"

చిరిగిన రేకుని అతికించడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. వేణి నా నోట్లోకి ఒక ఆకు తోసి, "ఏది మర్చిపోయినా పర్లేదండి, నన్ను మర్చిపోకపోతే చాలు" అంది.

ఒక మధ్యాహ్నం నా నోట్లో మంట ఉంచి వేణి ఆకుల కోసం పెరట్లోకి వెళ్ళింది. పల్లాలమ్మ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. చుర్రుమన్నా తియ్యలేదు.

"ఒళ్ళు కాలిపోతోందే తల్లీ. ఓర్చుకో వేణీ, అమ్మ వచ్చింది కదా."

రేకు గుడ్డని నీళ్ళలో ముంచి, పిండకుండానే నా మీద వేసింది. ఆవిరి లేచేసరికి కంగారుపడి, చెంబుడు చన్నీళ్ళు కుమ్మరించింది. నేను టక్కుమని పగిలాను. ఆ చప్పుడుకి వేణి పరుగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వేణిని నేనే."

పల్లాలమ్మ ఆమెని పరాయి మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది. "కొంచెం మెల్లగా మాట్లాడండి. పిల్లకి జ్వరం."

కూతుర్ని మర్చిపోలేదు. ఆ చోటుని పేరుతో సహా నాకు ఇచ్చేసింది.

పగిలిన కుండని గోతిలో పారేస్తానన్నాడు సింహాద్రి. వేణి పారెయ్యనివ్వలేదు. పొయ్యి మీదకి కొత్త కుండ వచ్చింది, నేను అరుగు మీదకి వచ్చాను. పల్లాలమ్మ రోజూ నా పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తుంది. మంట మొహం చూసి ఎన్నాళ్ళో అయిన నాకు ఇంకా జ్వరం తగ్గలేదు.

నిన్న వేణి పని ముగించుకుని వచ్చి, అరుగు మీద నన్ను ఆనుకుని పడుకుంది. గుడ్డ ముంచుతున్న తల్లి చెయ్యి పట్టుకుని తన నుదుటి మీద పెట్టుకుంది. పల్లాలమ్మ ఆ నుదురు తడిమి చూసింది. నా వీపూ తడిమింది.

"మీకేం లేదండి, చల్లగానే ఉంది. మా పిల్లకే తగ్గట్లేదు" అని గుడ్డని నా మీద పరిచింది.

అందులోని నీళ్ళు నా పగులు వెంట జారి, వేణి నుదుటి మీద పడ్డాయి. వేణి కళ్ళు మూసుకుంది. తుడుచుకోలేదు.