ఇసుకలో మూడుకొమ్ముల కొండ

ఫాల్గుణ మాసారంభమున నొక యుదయము. తూర్పు సముద్రము మీదినుండి వీచు చల్లగాలి జీడిమామిడి తోటలలోని లేతపూతల పరిమళమును మోసికొని నందివలస పట్టణపు టిండ్లకప్పుల మీదుగా మెల్లమెల్లగా సాగుచుండ నప్పుడే పైకెగసిన సూర్యుని యరుణకిరణములు మాజీ సైనికుల సంఘభవనపు ముంగిట నిలిపిన నల్లరాతి స్మారకశిలపై బడి యందు క్రొత్తగా చెక్కబడిన పదునొకండు నామములను నొక్కటొక్కటిగా చదువుచున్నట్లు తోచెను. పదునొకండవ నామమునకు దిగువ నొక వరుసకు సరిపడు చోటు నున్నగా మిగిలియుండెను. రాతిపనివాడు తన యులులను గోనెపట్టాపై పఱచికొని యా చోటును జూచుచు మధ్యాహ్నపు బస్సునకు తాను పోవలసియున్నదని యప్పటికే రెండుమార్లు చెప్పియుండెను.

ఆ చోట గుంపస్వామి యను పేరు చెక్కవలెనా వలదా యనునది యా బస్సు కదలులోపల తేలవలసియుండెను.

సంఘకార్యదర్శి తవిటినాయుడు సైన్యమున నిరువదిరెండేండ్లు టెలిఫోను తీగలు లాగి హవల్దారుగా విరమించినవాడు. దారపు కొన యొకటి కంటబడిన రెండవ కొన దొరకువఱకు నన్నము సహింపని స్వభావము వానిది. ఏబదియేండ్ల క్రిందట సరిహద్దున జరిగిన యుద్ధమునందు పాల్గొన్న తమ ప్రాంతపు సైనికుల చరిత్రను గ్రంథస్థము చేయు భారమును సంఘము వానిపై నుంచగా నాతడు పలుమార్లు లేఖలు వ్రాసి మూడుకొమ్ముల కొండ మీది పోరును దెలుపు పటాలపు దినచర్య ప్రతిని తెప్పించెను. అందలి రెండు వాక్యములు వాని మనశ్శాంతిని హరించెను. నాలుగు గంటల నలుబది నిమిషములకు ఫిరంగులతో మాటలాడు తీగ తెగెనని యొకటి. ఐదు గంటల పది నిమిషములకు తీగ మరల పలికెనని యింకొకటి. ఆ తీగ పలికినందుననే ఫిరంగులు సరియైన చోట గురిసి కొండ నిలిచెను. అయినను దానిని గట్టిన చేయి యెవరిదో యెచ్చటను వ్రాయబడలేదు.

ఆ వేకువను కొండమీద టెలిఫోను కడ నున్నవాడు లాన్స్‌నాయకు గుంపస్వామి. తెల్లవారుసరికి వాని గుంత శూన్యము. దేహము దొరకలేదు. ప్రభుత్వము వానిని మృతునిగా నెంచి భార్యకు పింఛను నిచ్చెను గాని పోరు నడుమ నాతడు చోటు విడిచి పాఱిపోయెనను మాట నందివలసలో నిలిచిపోయెను. ఆ మాట పుట్టినది సంఘాధ్యక్షుడైన సుబేదారు చిన్నంనాయుని నోటనుండి. అనృతమాడని వాడని పేరుగన్న యా వృద్ధు డా వేకువను ముందు వరుస కందకమున నుండెను. తా నెఱిగినది అడిగినవారికి జెప్పెను. అడుగనివారికి జెప్పలేదు. దేహము దొరకని వాని పేరు శిల కెక్కవలెనన్న నదే పోరున నిలిచిన యొక్కడైనను వాడు పోరు విడిచి పాఱిపోలేదని సంతకము చేయవలెనని సంఘపు నియమము. ఆ పోరున నిలిచినవారిలో నాటికి మిగిలినవాడు చిన్నంనాయు డొక్కడే. అతడు సంతకము చేయనని నెమ్మదిగానే చెప్పియుండెను.

గుంపస్వామి భార్య యసిరమ్మ పదునాలుగు మాసముల కాపురము జేసి యేబదియేండ్లు జీడిపిక్కలు కొట్టి బ్రదికినది. ఆ పిక్కల జిగురునకు నామె యరచేతులు కాటుకవలె నల్లబడియుండెను. సంఘము వారి నామె యెన్నడును బ్రతిమాలలేదు. ఆఱు నెలల క్రిందట నొక్కమారు మాత్రము వచ్చి తవిటినాయునితో నిట్లనెను.

"రాస్తే రాయండి తమ్ముడూ. రాయకపోతే ఎందుకు రాయనేదో నాకొచ్చి సెప్పండి."

నేడును వచ్చి యరుగుమెట్టుపై గూర్చుండెను.

దాడికి ముందు కొండను నేలపై నిసుకతో మలచి యెవడెటు పోవలెనో కఱ్ఱతో జూపి చెప్పుట సైన్యమున వాడుక. దానిని శాండ్ మోడల్ అందురు. స్మారకశిల యావిష్కరణమునాడు పిల్లలకు జూపుటకై మూడుకొమ్ముల కొండ నట్లు నిర్మింతమని తవిటినాయుడు ప్రతిపాదింపగా సభ్యులు సంతోషించిరి. పిల్లలకంటె నా తీగ యంతు దేల్చుటయే వాని యంతరంగమందలి కోరిక. ట్రాక్టరుతో ఏటియిసుక వచ్చెను. దినచర్యకు జతపఱచిన పటము ననుసరించి పదిమంది వృద్ధులు మూడుదినములు మోకాళ్లపై నిలిచి కొండను లేపిరి. శత్రువు పడగొట్టలేని తమ మోకాళ్లను నిసుక పడగొట్టినదని యొకడు నవ్వించెను. రంగు పూసిన రంపపుపొట్టు పచ్చికయయ్యెను. నీలిరంగు ముగ్గుపిండి యేరయ్యెను. టెలిఫోను గుంతనుండి కొండమీది యొక పెద్ద నల్లరాతి ప్రక్కగా వాలున దిగి యేటిగట్టు వెంబడి ఫిరంగులవఱకు నొక నల్లనూలు తీగయై సాగెను.

రాతిపనివాడు వేచియున్న యా యుదయము చిన్నంనాయుడు వచ్చి కఱ్ఱ చేతబట్టి యందఱి నడుమ నిలిచి తన కందక మిది యని చూపెను. తాను వెనుదిరిగి చూచునప్పటికి గుంపస్వామి గుంతనుండి వెలువడి నల్లరాతిని దాటి వాలున దిగి యేరు గడచి వెదురుపొదలలో జొచ్చెనని కఱ్ఱకొనతో నా త్రోవనంతయు గీచెను. తీగ ఏటి కివతలనే యున్నది. మనుష్యు డేటి కవతలకు బోయినాడు. ఇంక తీగకొఱకు బోయెనని యెట్లనవచ్చును? చుట్టును నిలిచిన వారికి కందకము మొదలు వెదురుపొదలవఱకు నంతయు నరచేతిలోని రేఖవలె గనబడుచుండెను. రాతిపనివాడు మొదటి యులిని సంచిలో వేసికొనెను. మెట్టుపైనున్న యసిరమ్మ యా చప్పుడు విని తలయెత్తెను.

తవిటినాయుని మనస్సును మాత్ర మేదో ముల్లు గ్రుచ్చినట్లుండెను. అతడు చుట్టునున్న పదుగురి పాదములను జూచెను. తరువాత వారి తలలను జూచెను. అందఱును నిలిచి గ్రద్దలు నింగినుండి చూచినట్లు క్రిందికి జూచుచున్నారు. సైన్యమున జేరిననాటినుండి వారందఱికి నిసుకకొండ నట్లు చూచుటయే యలవాటు. పోరాడినవాడో నేలలో ద్రవ్విన గుంతలో నుండెను.

"సాబ్, ఆ యేల కందకంలో మీరు నిలబడున్నారా?" అని యడిగెను.

"నిలబడుంటే ఈ తలకాయ ఉండునేటి?" అని సుబేదారనగా నందఱును నవ్విరి.

"అయితే ఓపాలి పడుకోండి సాబ్. అక్కడినించే సూడండి."

రాతిపనివాని గోనెపట్టాను దెచ్చి పఱచిరి. డెబ్బదియెనిమిదేండ్ల సుబేదారు కఱ్ఱను విడిచి మెల్లగా బోరగిల పరుండి గడ్డము నిసుక కానించి తన కందకపు టెత్తునకు కన్ను దించి వెనుకవైపునకు జూచెను.

"నల్లరాయి దాటినాక ఏటి కనబడతంది సాబ్?"

"రాయే కనబడతంది."

"యేరు?"

చిన్నంనాయుడు పటము దెమ్మనెను. ఇసుక నెత్తుగా బోసినారని కోపగించెను. తానే లేచి జానలతో రాతి యెత్తును గొలిచి పటముతో సరిపోల్చి మరల గొలిచి మరల పరుండెను. కొలత తప్పలేదు. ఏరు లేదు. వెదురుపొదలు లేవు. ఏబదియేండ్లుగా తన కన్నులతో జూచితినని నమ్మి చెప్పిన దానిలో పది యడుగులే తాను చూచినవి. మిగిలినది శూన్యమైన గుంతను తెల్లవారి గాంచినపుడు మనస్సు తనంతట తాను గల్పించి వాని కందిచ్చినది.

"ఆ పదడుగులూ ఎలాగెల్లాడు సాబ్?" అని తవిటినాయుడు మెల్లగా నడిగెను. "సెప్పొద్దు. సేసి సూపండి."

వృద్ధుడు లేచి యిసుక దులుపుకొనక నడుము వంచి కుడిచేయి నేలకు జాఱవిడిచి పిడికిలి సగము మూసి యుర్విని రాచుచున్నట్లు పది యడుగులు నడచెను. భయమున నేల నాసరా చేసికొని ప్రాకుచున్నాడని తా ననుకొంటిననెను.

తవిటినాయు డా నడకను గుర్తుపట్టెను. ఇరువదిరెండేండ్లు తాను నట్లే వంగి నడచినవాడు.

"సాబ్, సీకట్లో తీగెక్కడ తెగిందో తెలవాలంటే కళ్లు పనికిరావు. తీగని గుప్పిట్లో ఎట్టుకొని ఒంగి ఎల్లాల. తెగినకాడ గుప్పిట కాలీ అవతాది."

ఐదు గంటల పది నిమిషములకు తీగ పలికెను. ఆ పిదప గుంపస్వామి యేటిగట్టున నే గుండునకు గూలెనో యే నీట గలిసెనో యే యిసుకయు జెప్పజాలదు. అతడు భయపడలేదని గూడ నెవరు ననలేరు. పోయినది తీగ వెంబడి యనునది మాత్రము నిశ్చయము.

చిన్నంనాయుడు మెట్టుకడకు బోయి యసిరమ్మ యెదుట నిలిచెను. వాని గడ్డమున నిసుక యింకను నంటియుండెను.

"సెల్లీ, నాను అబద్దమాడనేదు. సూడనిది సూసినాననుకున్నాను. యాబై యేళ్లు."

అసిరమ్మ యిట్లనెను. "సంతకమెట్టు బాబూ. రాయి సెక్కే ఆయనకి బస్సు టైమవతంది."

సుబేదారు సంతకము చేసెను. రాతిపనివాడు సంచిలోని యులిని మరల వెలికి దీసెను. మధ్యాహ్నపు బస్సు వీధి మలుపున కూతపెట్టి పోయినను వాడు తలయెత్తలేదు.

పని ముగిసిన యిసుకకొండను శత్రువు కంటబడకుండ జెఱిపివేయుట సైనికుల యాచారము. ఆవిష్కరణమునాడు పిల్లలు చూచి వెడలిన పిదప సాయంకాలమున నిద్దఱు పారలతో రాగా నసిరమ్మ చేయెత్తి వారి నాపెను. ఆమె టెలిఫోను గుంతకడ వంగి నల్లనూలును తన నల్లని గుప్పిట నిముడ్చుకొని కొండ చుట్టును మెల్లగా నడచెను. గుప్పిటలో నూలు జాఱుచు నల్లరాతిని దాటెను. వాలున దిగెను. ఏటిగట్టు వెంబడి సాగెను. పండ్రెండవ పేరుపై సంజవెలుగు నిలిచియుండ నామె ఫిరంగుల కడకు జేరి గుప్పిట విప్పెను. నూలెక్కడను తెగియుండలేదు.