బొడ్డుకు మూడు వేళ్ల పైన

తెర అవతల పోలీసు అమీను బూట్లు ఆగాయి.

"ఎన్ని నెలలు?"

ఎలిశిబా చెయ్యి పోశవ్వ పొట్ట మీదే ఉండిపోయింది. మెదక్ మిషన్ దవాఖానలో పద్నాలుగేళ్లుగా కాన్పులు చేస్తున్న చెయ్యి అది. గర్భసంచి పైఅంచు సరిగ్గా బొడ్డు దగ్గర తగిలింది. అయిదు నెలలు నిండాయి, అంతే.

పోశవ్వ మొగుడు వెంకట్రాములు అడవి పట్టింది దసరా నాడు. రోజంతా కోతకు సేరు జొన్నలు చాలవన్నందుకు ఇంద్రకరణ్ దొర కొట్టించాడు. వెంకట్రాములు తిరగబడి కమ్యూనిస్టుల సంఘంలో కలిశాడు. అంతకు నెల ముందు దాకా నిజాం మనిషైన ఈ దొర, పోలీసు చర్య కాగానే కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకొని ఊళ్లోకి వచ్చినవాడే. ఇప్పుడు పోశవ్వ కడుపు చూసి అమీనుకు కబురంపాడు; అమీను ఆమెను పరీక్షకు ఇక్కడికి తెచ్చాడు.

దసరా దాటి ఆరు నెలలు. కడుపు అంతకన్నా చిన్నదైతే వెంకట్రాములు ఇంటికి వచ్చిపోతున్నట్టే. ఎక్కడున్నాడో పోశవ్వకు తెలిసినట్టే. తెలిసిన ఆడవాళ్లను పోలీసు క్యాంపులో ఎట్లా మాట్లాడిస్తారో ఎలిశిబాకు తెలుసు; అక్కడి నుంచి వచ్చిన ఇద్దరికి తనే కట్లు కట్టింది.

"అమ్మా," పోశవ్వ పెదవులు మాత్రమే కదిలాయి. "కార్తీక పున్నమి నాడు ఒక్కసారే వచ్చిండు."

"ఏమంటుంది?" అన్నాడు అమీను. పరాయి ఆడదాని తెర ఎత్తకూడదన్న మర్యాద ఒక్కటే అతన్ని అవతల ఆపింది. "పోశవ్వా, గది మొగనిది కాదు, ఇంకెవనిదో అని చెప్పు. ఇప్పుడే ఇడిసిపెడ్త."

పోశవ్వ కళ్లు మూసుకుంది. ఆ మాటంటే కులపోళ్లు ఊళ్లో నిలవనీయరు. "నా పెనిమిటిదే," అంది గట్టిగా.

"అయితే బిడ్డ మొదలు ఎప్పుడు కదిలింది?"

ఎలిశిబా ఆమె నోరు మూయబోయేలోపే జవాబు బయటపడింది. "కాముని పున్నమికి." హోళీ గడిచి నెలే అయింది.

అవతల చిన్న నవ్వు. "నాకు నలుగురు పిల్లలు. నాలుగున్నర నెలలకు కదుల్తది. కాముని పున్నమి నుంచి ఎనుకకు లెక్కబెట్టు, దసరా ఏడుంది?"

 ఎలిశిబాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఈ ఉద్యోగం పోతే నీడ కూడా లేదు.

"సారూ, ఇంటామెకు ఎన్నో కాన్పుల నాలుగున్నరకు కదిలింది?"

"నాలుగోదాంట్ల. ఎందుకు?"

"ఇది తొలిచూలు. తొలిచూలుకు ఆలస్యంగనే తెలుస్తది. అందుల గంజి తాగే ఒళ్లు. వాయువు అనుకుంటరు, ఆకలి అనుకుంటరు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "బొడ్డుకు మూడు వేళ్ల పైన ఉంది. ఏడో నెల."

బూట్లు తెర దగ్గరికి జరిగాయి. బయట చర్చి గంట పదకొండు కొట్టి ఆగింది.

"రాసియ్యి. దస్కతు పెట్టు."

రాసింది. తెర కింది నుంచి చీటీ అందించింది. 

"ఏడో నెలంటే జూన్ ఆఖరుకు కాన్పు," అన్నాడు అమీను చీటీ మడుస్తూ. "గా దినం నేనే వస్త. బిడ్డ లేకుంటే మీ ఇద్దరినీ క్యాంపుకు బండెక్కిస్త."

బూట్ల చప్పుడు వరండా దాటింది. అప్పుడు లేచి కూర్చుంది పోశవ్వ.

"గప్పటికి వస్తదా అమ్మా?"

"రాదు. శ్రావణం దాకా రాదు."

"మరి ఎందుకు రాసినవు?"

 ఎలిశిబా గోడ అరలో ఉన్న రిజిస్టరు తీసింది. అందులో ఇప్పటిదాకా ఒక్క తప్పు లెక్క వేయలేదు. చీటీలో ఉన్నదే ఇందులోనూ ఉండాలి. ఏడు అని రాసి, సిరా ఆరేదాకా చూసింది.

"ఇంటికి పోకు," అంది. "జూన్ లోపల ఏదన్న ఒక తొవ్వ చూడాలె."

మళ్లీ పొట్ట మీద చెయ్యి వేసింది. బొడ్డు దగ్గరే, అరచేతి కిందే, బిడ్డ తన్నింది. మూడు వేళ్ల పైన ఏమీ లేదు.