పదో కేసు

కంటి పరీక్షల కోర్సులో ముప్పై ఆరేళ్ళవాడు అతనొక్కడే. తోటివాళ్ళంతా మీసాలు సరిగా మొలవని కుర్రాళ్ళు. మామూలుగా అతన్ని "తాతయ్యా" అని పిలిచేవారు, నోట్సు కావలసి వస్తే మాత్రం "అన్నయ్యా" అనేవారు. తెల్లవారకముందే కార్లు కడిగే షెడ్డులో నాలుగు గంటలు పైపు పట్టుకుని, తడి ప్యాంటుతోనే క్లాసుకొచ్చి, మొదటి పాఠంలోనే కునికిపాట్లు పడే మనిషికి ఆ మర్యాద తక్కువేం కాదు.

విడాకులయ్యాక కూతురి పోషణకు నెలనెలా ఇంత ఇవ్వాలని కోర్టు చెప్పింది. వ్యాను నడిపినన్నాళ్ళూ ఇచ్చాడు. చదువులో చేరగానే, రాబడి పడిపోయింది కాబట్టి సగానికి తగ్గించమని అర్జీ పెట్టుకున్నాడు. తగ్గించారు. "ఇదంతా పాప కోసమే. ఉద్యోగం రానీ, రెట్టింపు ఇస్తా" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుని తిరిగాడు. అడగనివాళ్ళకే ఎక్కువ చెప్పాడు.

పరీక్షకు కూర్చోవాలంటే పదిమందికి కళ్ళు చూసినట్టు రికార్డు పుస్తకంలో రాయాలి. అందులో ఒకరైనా పన్నెండేళ్ళలోపు వాళ్ళుండాలి. షెడ్డులో పనివాళ్ళనీ, గేటు దగ్గర వాచ్‌మన్‌నీ కాళ్ళావేళ్ళా పడి తొమ్మిది పూర్తి చేశాడు. పదో కేసు దగ్గర బండి ఆగిపోయింది. "నాకెవరూ పిల్లనివ్వడం లేదు మేడమ్" అని పాఠం చెప్పే మేడమ్‌తో మొరపెట్టుకుంటే క్లాసంతా ఘొల్లుమంది. సోమవారంతో గడువు ఆఖరు. పుస్తకం ఇవ్వకపోయినా, పరీక్ష ఫీజు కట్టకపోయినా మరో ఏడాది ఇదే పైపు, ఇవే సగం డబ్బులు.

శనివారం తొమ్మిదేళ్ళ కూతురు అతని దగ్గర ఉండే రోజు. పార్కుకని చెప్పి ల్యాబుకి తీసుకొచ్చాడు.

అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి పాప అక్షరాల చార్టు దగ్గర నిలబడి ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి చదవమంటే పైనుంచి కింది దాకా గడగడా అప్పజెప్పింది. అతను వేలు పెట్టి చూపించకముందే ఆఖరి వరుస కూడా అయిపోయింది. అతనికి అనుమానం వచ్చింది. ఆ చార్టు తీసేసి రెండోది తగిలించాడు. పాప మూడో వరుసలో ఆగిపోయి, కళ్ళు చికిలించి, తల వంచుకుంది.

"దొంగా! నాన్న దగ్గరే నీ పప్పులుడుకుతాయనుకున్నావా?" అని పకపకా నవ్వాడు.

బరువైన పరీక్ష ఫ్రేము పాప ముక్కు మీద పెట్టి ఒక్కొక్క అద్దమే మార్చాడు. ఫ్రేము జారిపోకుండా పాప రెండు చేతులతో పట్టుకుంది. మైనస్ రెండు దగ్గర, ఎదురు గోడ మీది నోటీసు తనంతట తనే చదివింది. అతని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పసిపిల్ల, రెండు కళ్ళకీ సైటు. ఇలాంటి కేసుకు మార్కులు ఎక్కువ.

"మేడమ్! మైనస్ రెండు! రెండు కళ్ళూ!" లాటరీ తగిలినవాడిలా కేకేశాడు.

మేడమ్ వచ్చి మళ్ళీ చూసింది. నవ్వలేదు. "బోర్డు కనబడక చాలా నెలలై ఉంటుందే ఈ పిల్లకి! ఎవరండీ పాప?"

"మా పాపే మేడమ్" అన్నాడు, ఇంకా నవ్వుతూనే. అన్నాక ఆ మాట తన చెవిన పడింది.

మేడమ్ పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళాక కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి అమ్మలూ?"

"బడి తెరిచినప్పట్నుంచి. టీచర్ చీటీ రాసిచ్చింది. అమ్మ కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళి రేటడిగింది. కొన్నాళ్ళాగి కొందామంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దంది. చెప్తే, డబ్బుల కోసం నాచేత అడిగిస్తోందని నువ్వు కోర్టులో చెప్తావంట."

చెప్పాడు మరి. పిల్లను అడ్డం పెట్టుకుని తన దగ్గర గుంజుతోందని నలుగురి ముందూ గొంతు చించుకున్నాడు. అర్జీలో, పాపకు ఆరోగ్యపరంగా ప్రత్యేక ఖర్చులేమీ లేవని ఎవర్నీ అడక్కుండానే రాసేశాడు. పాప ముక్కు మీద ఫ్రేము ఎర్రటి గీత వేసింది. దానివైపు చూడలేకపోయాడు.

రికార్డులో చివరి గడి ఒకటి మిగిలింది. పిల్లకు అద్దాలు కావాలన్న సంగతి ఇంట్లో చెప్పినట్టు, పిల్లను పెంచుతున్నవాళ్ళు సంతకం చెయ్యాలి. పాప తల్లి సంతకం అతనికి బాగా తెలుసు, తనే గీసేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా.

సాయంత్రం పాపను దింపడానికి, ఆమె పనిచేసే టైలరింగ్ షాపుకి వెళ్ళాడు. ఆమె మిషను ఆపి, పుస్తకం తీసుకుని మొత్తం చదివింది.

"నాకు తెలీదు" అన్నాడు.

"తెలిస్తే అర్జీ పెట్టేవారు కాదా?" ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ తెలిసినా పెట్టేవాడే, ఇంకోలా రాసేవాడు, అంతే. జేబులోంచి పరీక్ష ఫీజుకని దాచిన డబ్బంతా తీసి మిషను మీద పెట్టాడు.

ఆమె అద్దాల ఖరీదు వరకూ లెక్కపెట్టి తీసుకుని, మిగతాది అతనివైపు నెట్టింది. పుస్తకంలో సంతకం పెట్టింది. "దీంతో పరీక్షకి కూర్చోవచ్చుగా?"

"ఆఁ" అన్నాడు. ఫీజుకు తక్కువైందని మాత్రం చెప్పలేదు. కష్టాలు చెప్పుకోవడానికి అతనికి నోరు రాకపోవడం అదే మొదటిసారి.

"రేపు అద్దాలు కొని బిల్లు పంపిస్తాను."

"బిల్లెందుకు? వద్దు."

"ఉండనివ్వండి" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఎంతయిందో అంతే తీసుకున్నానని మీ దగ్గర కాగితం ఉంటే, నాకే మంచిది."